లైపిండి, పచ్చ కాగితం, మా అమ్మాయి దగ్గు

పోయిన ఆగస్టులో మా అమ్మాయి గదిలో గోడ కాగితం ఊడదీశాం. ఊడదీశాం అనడం కంటే దానంతట అదే ఊడొచ్చింది అనడం న్యాయం. మంచం జరిపి తుడుస్తుంటే కింద మూల కాస్త లేచి కనిపించింది. వేలు పెట్టి లాగాను. కుచ్చిళ్ళు జారినట్టు పైదాకా జారి చేతిలోకి వచ్చేసింది. వెనక గోడంతా నలుపు. అక్కడక్కడ ఆకుపచ్చ మచ్చలు, తడిసిన గోనెసంచి వాసన. మా అత్తయ్యగారు గుమ్మంలోంచే చూసి, "ఇన్నాళ్ళూ పిల్ల దీని పక్కన తల పెట్టుకుని పడుకుందా!" అన్నారు. ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

ఎందుకంటే ఆ కాగితం అంటించింది పనికుర్రాడే అయినా, జిగురు మాత్రం నాది.

నాలుగేళ్ళ కిందటి మాట. అమ్మాయి అప్పుడు ఏడో తరగతి. స్నేహితురాలి ఇంట్లో చూసి వచ్చి తన గదికీ పూల కాగితం కావాలని పట్టుబట్టింది. అంటించడానికి వచ్చిన కుర్రాడు తెల్ల జిగురు డబ్బా మూత తీయగానే ఘాటు వాసన కొట్టింది. "ఇది వద్దు బాబూ, పిల్ల పడుకునే గది. నేను లై కాచి ఇస్తాను, దాంతో అంటించు" అన్నాను. "మైదా లైయా ఆంటీ? సినిమా పోస్టర్లకి పూసేదా?" అని నవ్వాడు. "మా నాన్నగారు ముప్పై ఏళ్ళు దాంతోనే పుస్తకాలు బైండు చేశారు, ఒక్క అట్టా ఊడలేదు" అని కాస్త గొప్పగానే చెప్పాను.

గొప్ప ఊరికే రాలేదు. మాది తెనాలి, అచ్చాఫీసుల ఊరు. నాన్నగారిది ఒక అచ్చాఫీసు పక్కన చిన్న బైండింగ్ కొట్టు. ఇంట్లో లై కాచే పని నాది. మైదాను ముందు చన్నీళ్ళలో ఉండలు లేకుండా కలపాలి. పొయ్యి మీద నీళ్ళు తెర్లేటప్పుడు సన్నధారగా పోస్తూ తిప్పుతూనే ఉండాలి. తెల్లటి పిండి కాసేపటికి గాజులా మెరుస్తూ చిక్కబడుతుంది. అప్పుడు దింపి, చిటికెడు మైలుతుత్తం నీళ్ళలో కరిగించి కలపాలి. ఆ నీలం రంగు పలుకులు అందంగా ఉండేవి గానీ ముట్టుకుంటే నాన్నగారు కేకలేసేవారు. "విషం అది, చేతులు కడుక్కో" అనేవారు. పురుగు పట్టకుండా, లై పులిసి బూజు పట్టకుండా అది వేస్తారు.

అమ్మాయి గదికి లై కాచినప్పుడు మైలుతుత్తం వేయలేదు. పిల్ల గదిలో విషం ఎందుకని మానేశాను. అదీ నా తెలివి.

ఆ తర్వాత రెండేళ్ళకు దగ్గు మొదలైంది. వానాకాలం వస్తే రాత్రిళ్ళు దగ్గు, పొద్దున్నే తుమ్ములు. డాక్టరు దుమ్ము పడట్లేదేమో అన్నారు. దిండ్లు మార్చాం, కర్టెన్లు ఉతికాం, కుక్కపిల్ల ఊసే వద్దన్నాం. ఒకసారి డాక్టరు "గదిలో చెమ్మ ఏమైనా ఉందా అమ్మా?" అని అడిగితే, "లేదండీ, గోడకి కాగితం కూడా వేయించాం" అని చెప్పాను. ఆ గోడకు అవతల పక్క స్నానాలగది. లోపలి పైపు సన్నగా కారుతోందన్న సంగతి కాగితం ఊడేదాకా ఎవరికీ తెలియదు.

ఊడిన రోజు రాత్రి నాన్నగారికి ఫోన్ చేశాను. ఆయనకిప్పుడు డెబ్బై ఎనిమిది. అంతా విని అడిగిన మొదటి ప్రశ్న, "తుత్తం వేశావా?" వేయలేదన్నాను. కాసేపు మాట్లాడలేదు. "వేసినా ఆగేది కాదులే. పుస్తకానికి చుట్టూ గాలి ఆడుతుంది. గోడకీ కాగితానికీ మధ్య ఏం ఆడుతుంది?" అన్నారు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఈ పిండికీ గోడకూ కాగితానికీ ఉన్న సంబంధం ఏమిటో చదవడం మొదలుపెట్టాను. వంటింటి నుంచి మొదలైన చదువు లండన్, రోమ్, లెనిన్‌గ్రాడ్ దాకా వెళ్ళింది. మీకూ చెప్పాలనిపించింది.

ముందు మనకు తెలిసిన సంగతి. తెలుగులో సాలెపురుగు మూలల్లో అల్లేదీ బూజే, పచ్చడి మీద తెల్లగా పట్టేదీ బూజే. రెండోదానికి కావలసినవి రెండే, తిండి, తడి. జాడీలో తడి గరిట పెడితే ఏమవుతుందో మనకు ఒకరు చెప్పాలా? మైదా లై అంటే ఉడికిన పిండి, అంటే తిండి. గోడలోని చెమ్మ తడి. పైన ప్లాస్టిక్ పూత ఉన్న కాగితం జాడీకి మూత. నేను గోడంతా పచ్చడి పెట్టానన్నమాట.

నాకు తెలియని విషయం నాకంటే తెలివైనవాళ్ళకు కూడా వందల ఏళ్ళు తెలియలేదని చదివాక కొంచెం ఊరట, చాలా భయం కలిగాయి.

ఇంగ్లండులో ఇప్పటికి దొరికిన అతి పాత గోడ కాగితం 1509 ప్రాంతానిది. కేంబ్రిడ్జిలోని క్రైస్ట్స్ కాలేజీలో దూలాలకు అంటించి ఉండగా 1911లో బయటపడింది. దానిమ్మపండు అచ్చు, వెనకవైపు రాజుగారి ప్రకటన. చిత్తుకాగితాన్ని మనం అలమరల్లో పరిచినట్టు వాళ్ళు ఇంటికి అలంకారం చేసుకున్నారు. తర్వాత రోజుల్లో డబ్బున్నవాళ్ళు చైనా నుంచి చేత్తో గీసిన పూలూ పక్షుల కాగితాలు తెప్పించుకున్నారు. వాటిని చాలాసార్లు నేరుగా గోడకు అంటించేవారు కాదు. గోడకు చెక్క చట్రం కొట్టి, దానికి గుడ్డ బిగించి, ఆ గుడ్డకు అంటించేవారు. ఇల్లు మారితే చట్రంతో సహా తీసుకుపోవచ్చు. వెనకాల గాలి ఆడేది కూడా. మా నాన్నగారు ఫోనులో అన్న ముక్క ఆ పనివాళ్ళకు ఎప్పుడో తెలుసు.

1712లో ఇంగ్లండు ప్రభుత్వం రంగు వేసిన గోడ కాగితం మీద చదరపు గజానికి ఒక పెన్నీ పన్ను వేసింది. జనం ఊరుకుంటారా? తెల్ల కాగితం కొని అంటించి, ఆ తర్వాత గోడ మీదే అచ్చులతో పూలు వేయించుకున్నారు. ఆ పన్ను 1836లో పోయింది. అప్పటికే పొడవాటి చుట్టలుగా కాగితం తయారుచేసే యంత్రాలు వచ్చాయి. దాంతో కూలివాళ్ళ ఇళ్ళకు కూడా గోడ కాగితం చేరింది. ఆ ఇళ్ళకు చట్రాలూ గుడ్డలూ ఎక్కడివి? పిండి ఉడకేసి నేరుగా చెమ్మగోడకే అంటించారు. పాత కాగితం తీయకుండా దాని మీదే కొత్తది, దాని మీద ఇంకోటి. అంటే పొరలు పొరలుగా పిండి.

అదే కాలంలో అందరి కన్నూ ఒక పచ్చ రంగు మీద పడింది. 1775లో షీలే అనే స్వీడన్ రసాయన శాస్త్రవేత్త తయారుచేసిన పచ్చ అది. 1814లో దానికంటే నిగనిగలాడే ఇంకో పచ్చ వచ్చింది. అంతకుముందు పచ్చ రంగులు ఇట్టే వెలిసిపోయేవి, ఇవి నిలిచేవి. కాగితాలకూ, బట్టలకూ, పిల్లల బొమ్మలకూ వాడారు. రెండిట్లోనూ ఉన్నది పాషాణం. మన పాత కథల్లో పాలల్లో కలిపి ఇచ్చే విషం అదే, ఆర్సెనిక్.

1839లోనే గ్మెలిన్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త పత్రికలో హెచ్చరించాడు. పచ్చ కాగితం ఉన్న గదులకు చెమ్మ తగిలితే ఎలుకల కంపు లాంటి వాసన వస్తోంది, అలాంటి గదుల్లో పడుకోవద్దని. ఎవరు వింటారు, అంత అందమైన రంగును! 1862లో లండన్ తూర్పున లైమ్‌హౌస్ అనే పేటలో ఒకే ఇంట్లో నలుగురు పిల్లలు ఒకరి తర్వాత ఒకరు చనిపోయారు. గొంతు నొప్పి, ఊపిరాడకపోవడం. డిఫ్తీరియా అనుకున్నారు. ఇరుగుపొరుగు పిల్లలెవరికీ అంటుకోలేదేమని థామస్ ఆర్టన్ అనే డాక్టరుకు అనుమానం వచ్చింది. ఇల్లంతా వెతికితే చివరికి తేలింది ఒక్కటే, పిల్లల గదిలో పచ్చ కాగితం. ఆయన మాట అప్పట్లో అందరూ ఒప్పుకోలేదు. ఆ తల్లి గురించి ఏ పుస్తకంలోనూ నాకు ఎక్కువ దొరకలేదు. ఆ కాగితం ఎంచుకున్నది ఆమేనా అని మాత్రం చాలాసేపు ఆలోచించాను.

కాగితం మీది రంగు గాలిలోకి ఎలా వస్తుంది? ఒకటి, రంగు పొడిగా రాలడం. ఇంకో దారిని 1890లలో బార్తొలోమియో గోసియో అనే ఇటలీ వైద్యుడు పట్టుకున్నాడు. ఉడికించిన బంగాళదుంప ముద్దలో పాషాణం కలిపి, నేలమాళిగలో పెట్టి, బూజు పట్టనిచ్చాడు. కొన్ని రకాల బూజులు ఆ పిండిని తింటూ వెల్లుల్లి వాసన వేసే వాయువును వదిలాయి. గోడ మీదా అదే జరుగుతుందన్నాడు. కాగితం వెనక పిండిజిగురు ఉంటుంది, దానికి చెమ్మ తగులుతుంది, బూజు పడుతుంది, ఆ బూజు రంగులోని పాషాణాన్ని గాలిలో కలుపుతుంది. ఆ వాయువు ఏమిటో సరిగ్గా తేల్చింది 1930లలో ఇంగ్లండులోని లీడ్స్‌లో ఛాలెంజర్ అనే ఆయన. ఆ వాయువొక్కటే మనుషుల్ని చంపేటంతటిది కాదని, చెమ్మ గదిలో బూజు కూడా తన పని తాను చేసి ఉంటుందని ఈమధ్య శాస్త్రవేత్తలు కొందరు అంటున్నారు. ఏదైతేనేం, మూలన ఉన్నది ఉడికిన పిండి.

ఇక్కడ ఒక విషయం నన్ను ఆపేసింది. షీలే పచ్చను పాషాణంతో పాటు మైలుతుత్తం కలిపి చేస్తారు. నేను చేత్తో తిప్పిన లైలో నాన్నగారు వేసిన ఆ నీలి పలుకులే! ఒకచోట బూజును ఆపేది, ఇంకోచోట విషానికి రంగు ఇచ్చేది.

గోడ కాగితం అనగానే నాకు డిగ్రీ రోజుల్లో మా ఇంగ్లీషు మేడమ్ చెప్పిన కథ ఒకటి గుర్తొస్తుంది. అమెరికా రచయిత్రి షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్ రాసిన, 1892లో అచ్చయిన 'ది యెల్లో వాల్‌పేపర్'. బాలింతను డాక్టరైన భర్తే విశ్రాంతి పేరుతో ఒక గదిలో ఉంచేస్తాడు. రాయకూడదు. ఆ గదిలో పసుపు కాగితం వెనక ఎవరో ఆడమనిషి కదులుతున్నట్టు ఆమెకు అనిపిస్తుంది. చివరికి కాగితమంతా పీకేస్తుంది. అప్పుడు పరీక్ష కోసం చదివాను. ఆగస్టులో చేతిలో కాగితం పట్టుకుని నిలబడ్డప్పుడు మళ్ళీ చదవాలనిపించి చదివాను. ఆ గది వాసన గురించి ఆవిడ ఎంత రాసిందో అప్పుడు గమనించనేలేదు.

ఇక లెనిన్‌గ్రాడ్. ఇది రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. 1941 సెప్టెంబరులో జర్మన్ సైన్యం ఆ ఊరిని చుట్టుముట్టింది. ముట్టడి 872 రోజులు సాగింది. ఆ నవంబరు, డిసెంబరుల్లో పని చేయలేని వాళ్ళకూ పిల్లలకూ రోజుకు ఇచ్చిన రొట్టె 125 గ్రాములు. మన ఇంట్లో ఉదయం టీతో తినే బ్రెడ్డు ముక్కలు ఓ నాలుగు లెక్కేసుకోండి. ఆ రొట్టె కూడా పూర్తిగా పిండి కాదు, చెక్క గుజ్జు నుంచి తీసిన సెల్యులోజ్ కలిపేవారు. అప్పుడు అక్కడి తల్లులకు గోడలు గుర్తొచ్చాయి. గోడ కాగితం పిండితో అంటిస్తారు కదా! కాగితం ఒలిచి, వెనక ఎండిన జిగురును కత్తితో గీకి, నీళ్ళలో కాచి పిల్లలకు పోశారు. వడ్రంగులు వాడే జంతువుల ఎముకల జిగురును కూడా ఉడికించి, చల్లార్చి, ముక్కలుగా తిన్నారు.

రొట్టెలో చెక్క, గోడలో పిండి. ఆ లైను ఒక తల్లి ఎప్పుడో మంచి రోజుల్లో కాచి ఉంటుంది, నాలాగే, ఉండలు కట్టకుండా తిప్పుతూ. దీని గురించి ఇంకేం రాయలేను.

పిండి కథలో పిల్లలు నవ్విన ఘట్టం కూడా ఉంది. అమెరికాలో బొగ్గు పొయ్యిలతో ఇళ్ళు వెచ్చబెట్టుకునే రోజుల్లో గోడ కాగితాలకు మసి పట్టేది. కాగితం కాబట్టి నీళ్ళతో కడగలేరు. సిన్సినాటిలో ఒక సబ్బుల కంపెనీ పిండి, ఉప్పు, నీళ్ళు కలిపిన మెత్తటి ముద్దను 1930ల నుంచి అమ్మింది. గోడ మీద దొర్లిస్తే మసి దానికి అంటుకుని వచ్చేస్తుంది. తర్వాత గ్యాసు వచ్చింది, కడగడానికి వీలయ్యే వినైల్ కాగితాలు వచ్చాయి. ముద్ద కొనేవాళ్ళు లేరు. ఆ కుటుంబంలో కే జూఫాల్ అనే చిన్నపిల్లల బడి టీచరమ్మ ఉంది. ఆవిడ ఆ ముద్దను బడికి పట్టుకెళ్ళి పిల్లల చేతికిచ్చింది. 1956లో అది ప్లే-డో అయింది. మా అమ్మాయి చిన్నప్పుడు సోఫా సందుల్లో కుక్కిన రంగురంగుల ముద్దలు పుట్టింది గోడలు తుడవడానికా!

అసలు జిగురు సంగతికి వస్తాను. 1889లో జర్మనీలోని హనోవర్‌లో ఫెర్డినాండ్ సిషెల్ అనే ఆయన కాచే పని లేకుండా వాడుకునే తయారు జిగురు కనిపెట్టాడు. అంతదాకా పనివాళ్ళు ఎక్కడికక్కడ కుండల్లో కాచుకునేవారే. 1953లో హెంకెల్ కంపెనీ మిథైల్ సెల్యులోజ్‌తో చేసిన పొడిని తెచ్చింది. చెక్క గుజ్జు లాంటి వాటి నుంచి తీసిన సెల్యులోజే ఇది. లెనిన్‌గ్రాడ్ రొట్టెలో కలిపినదానికి చుట్టమే, ఈసారి సరైన చోటుకి, గోడకి చేరింది. బూజుకు ఇది మైదాలాగా సులువుగా అరిగే తిండి కాదు. పైగా దీని తీరు మన లైకి పూర్తిగా ఎదురు. లై వేడిలో చిక్కబడుతుంది. ఇది చల్లటి నీళ్ళలో కరుగుతుంది, వేడి చేస్తే గడ్డకడుతుంది. వాసన ఉండదు, ఆరాక కాగితం మీద మరక కనిపించదు. నాలుగేళ్ళ కిందట ఘాటు వాసన వద్దన్న నాకు కావలసింది ఇదే. అడగడం తెలియలేదు.

ఇదే కంపెనీ మనిషి ఒకాయన 1967లో విమానంలో ఒకావిడ లిప్‌స్టిక్ వేసుకోవడం చూసి, జిగురు కూడా ఇలా తిప్పితే బయటికి వచ్చేలా చేయొచ్చు కదా అనుకున్నాడట. 1969లో గ్లూ స్టిక్ వచ్చింది. పిల్లల ప్రాజెక్టుల కోసం రాత్రి పదింటికి కొట్లు వెతికే తల్లులమంతా ఆవిడకు బాకీ.

మనవాళ్ళ దగ్గర జిగుళ్ళకు తక్కువా? కొండపల్లిలో బొమ్మల చేతులూ కాళ్ళూ అతకడానికి చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన ముద్ద వాడతారు. చేర్యాల నకాషీవాళ్ళు కూడా గుడ్డను సిద్ధం చేయడానికి గంజీ సుద్దా చింతగింజల జిగురూ పూస్తారు. కానీ ఇళ్ళ గోడలకు మాత్రం ఏటా సున్నమే కొట్టారు. మన గాలిలో తడికీ, చెదలకీ, పిండి కనిపిస్తే చాలు వచ్చి చేరే వెండి రంగు పురుగులకీ కాగితం నిలవదు. సున్నానికి బూజు పట్టదు, అందులోని క్షారం పట్టనివ్వదు. మా అత్తయ్యగారు ఇది ఒక్క ముక్కలో చెప్పారు: "పండక్కి సున్నం కొట్టుకునే గోడకి చీర కట్టారు మీరు."

అలాగని పిండిజిగురును తీసిపారేయకండి. జపానులో బొమ్మల చుట్టలు అతికేవాళ్ళు గోధుమ గంజిని కాచి, జాడీల్లో పోసి పదేళ్ళ వరకు మాగనిస్తారు. మాగిన జిగురు పట్టు తక్కువగా, మెత్తగా ఉంటుంది. వందేళ్ళ తర్వాత ఎవరైనా బాగు చేయాలంటే తడిపి మెల్లగా విప్పుకోవచ్చు. పాత కాగితాలను బాగుచేసే మ్యూజియం వాళ్ళు ఇప్పటికీ గోధుమ గంజే వాడతారు. నాన్నగారికి ఇది చదివి వినిపిస్తే, "మరి నేను చెప్తే వినవు, జపానువాడు చెప్తే వింటావు" అన్నారు. పొడి గదిలో, ఉత్త కాగితానికి, మైదా లై ఇప్పటికీ మంచిదే. నా గోడా, నా కాగితమూ అలాంటివి కావు, అంతే.

కాగితం వేయించుకోవాలనుకునే వాళ్ళు అంటించే మనిషిని ఇవి అడగండి. కాగితం ఉత్త కాగితమా, గుడ్డలాంటి నాన్ వోవెనా, వినైలా? మొదటి రెండిటికీ సెల్యులోజ్ పొడి చాలు. నాన్ వోవెన్ అయితే జిగురు గోడకే పూయొచ్చు, కాగితం నానబెట్టక్కర్లేదు. బరువైన వినైల్‌కు ఇంకాస్త పట్టున్న జిగురు కావాలి, అందులో బూజు పట్టకుండా మందు కలిపి ఉండాలి, ఎందుకంటే దాని వెనక గాలి ఆడదు. వినైల్ మీద వినైల్ అంచులు పడేచోట మామూలు జిగురు పట్టదు, దానికి వేరే ఉంటుంది. ఇవన్నీ జిగురు పాకెట్టు మీదే రాసి ఉంటాయి. అంత చిన్న అక్షరాలు ఎవరు చదువుతారని నేనూ అనుకున్నదాన్నే.

వీటన్నిటికంటే ముందు గోడ. ఒక అడుగు ప్లాస్టిక్ కవరు తీసుకుని నాలుగు అంచులూ టేపుతో గోడకు గట్టిగా అతికించండి. రెండు రోజులు వదిలేసి తీయండి. గోడవైపు నీటిచుక్కలు కనిపిస్తే ఏ జిగురూ మిమ్మల్ని కాపాడదు, ముందు ప్లంబరును పిలవండి.

మేం పైపు బాగు చేయించాం. గోడ గీకించి, కొత్తగా పూత వేయించి వదిలేశాం. అమ్మాయి మూడు నెలలు హాల్లో నానమ్మ పక్కన పడుకుంది. దగ్గు చాలా తగ్గింది. పూర్తిగా పోయిందని చెప్పను, ఈసారి వానాకాలం చూడాలి. అక్టోబరులో కవరు అతికిస్తే లోపల చెమ్మ. డిసెంబరులో కొంచెం. పోయిన ఆదివారం మళ్ళీ అతికించాం. నిన్న నేను తీయబోతుంటే తనే వచ్చి తీసింది. లోపల చేత్తో తడిమి, "పొడిగా ఉందమ్మా" అంది.

అప్పటికే ఫోనులో కాగితాలు చూసి పెట్టుకుంది. ఈసారి పచ్చది కావాలట.